జిరాక్సు యంత్రము: కొనుటయా, అద్దెకు దెచ్చుటయా?

కచ్చేరీ పెట్టుకొనిన ప్రతివానికిని ఒకనాడు ఈ ప్రశ్న యెదురగును. నకళ్లు తీయు యంత్రమును కొనవలయునా, అద్దెకు దెచ్చుకొనవలయునా? కొనుమని యొకరు, వలదని యొకరు చెప్పుదురు. చెప్పువారిలో పెక్కురు యంత్రమును అమ్మువారో, అద్దెకిచ్చువారో యగుటచే, మన లెక్కను మనమే వేసికొనుట మేలు.

ఈ అద్దె పద్ధతి నిన్న మొన్నటిది కాదు. చెస్టరు కార్ల్సను అను నతడు 1938 అక్టోబరు 22వ తేదీన న్యూయార్కు నగరములోని ఆస్టోరియాలో తడి లేకుండ నకలు తీయు విద్యను మొదట సాధించెను. ఆ విద్యను చేపట్టిన హాలాయిడు కంపెనీ 1959లో 914 అను యంత్రమును లోకమునకు జూపెను. 9 అంగుళముల వెడల్పు, 14 అంగుళముల పొడవు గల కాగితమువరకు నకలు తీయగలదు గనుక దానికా పేరు. బరువు దాదాపు 650 పౌనులు. కొనదలచినవారికి వెల 27,500 డాలర్లు! అంత సొమ్ము పోసి కొనువారెందరు? అందుచే కంపెనీవారు దానిని నెల బాడుగకిచ్చి, మీటరు నమర్చి, తీసిన నకళ్లనుబట్టి సొమ్ము రాబట్టుకొనిరి. జనులు తలపనన్ని నకళ్లు తీసిరి. కంపెనీని పెంచినది యంత్రము వెల కాదు, మీటరు. ఆ కంపెనీయే తరువాత జిరాక్సు అయినది. మన దేశములో నకలునకే ఆ పేరు స్థిరపడినది.

మన పల్లెలలో భూమిని కౌలునకిచ్చువారు నిర్ణీతమైన శిస్తునైన గైకొందురు, పంటలో పాలైన గైకొందురు. యంత్రమును అద్దెకిచ్చువారు తరచుగా రెండును గైకొందురు. నెలకింత యను కనీసపు రుసుము శిస్తు వంటిది. హద్దు దాటిన ప్రతి నకలునకింత యనునది పాలు వంటిది. కరవు వచ్చిన యేట కౌలుదారు తగ్గింపు నడుగవచ్చును. ఇచ్చట ఒడంబడికలో వ్రాసికొననిచో ఆ మాటయు లేదు.

ఒక యుదాహరణము చెప్పెదను. అంకెలు నేను కల్పించినవే. మీ యూరి ధరలను వాని స్థానమున నుంచుకొనుడు. యంత్రము వెల 1,20,000 రూపాయలు. అది 5 ఏండ్లు పనిచేయుననుకొందము. నెలకు 2,000 రూపాయలు పడినది. టోనరు, మరమ్మతులు కలిసి నకలునకు 30 పైసలు. అద్దెకైనచో నెలకు 1,500 రూపాయలు, అందులో 2,000 నకళ్లు చేరియున్నవి. ఆపైన నకలునకు 60 పైసలు. కాగితము, విద్యుత్తు రెండు విధములను మనవే గనుక విడిచితిని. నెలకు 2,500 నకళ్లు తీయు కచ్చేరీకి కొనినచో 2,750 రూపాయలు, అద్దెకైన 1,800. నెలకు 10,000 తీయుచోట కొనినచో 5,000, అద్దెకైన 6,300. సుమారు 5,700 నకళ్లకడ రెండును సమమగును. ఒక్కసారిగ పెట్టిన సొమ్మునకు వడ్డీని గూడ కట్టినచో ఆ హద్దు మరికొంత పైకి జరుగును.

కావున మొదట తెలిసికొనవలసినది మన నకళ్ల సంఖ్య. ఊహించి చెప్పుట కాదు. ఊహ తరచుగా తప్పును. మూడు నెలలపాటు బయటి దుకాణపు చీటీలను దాచి కూడుడు. పాఠశాలవారైనచో పరీక్షల నెలను, వేసవి నెలను వేరువేరుగా చూడుడు. సెలవులలో మీటరు కదలదు గాని, కనీసపు రుసుము కదలుచునే యుండును.

మరమ్మతు సంగతి వేరు. డ్రమ్ము, వేడిచేయు రోలరు అరుగక మానవు. అన్ని ఖర్చులును వారివిగా అద్దెకు దెచ్చిన యంత్రము నిలిచిపోయినచో, యజమానికిని నష్టమే. నకలు లేనిదే పాలు లేదు. కొనిన యంత్రము నిలిచినచో నష్టము మనదొక్కరిదే. పట్టణమునకు దూరముగా నున్నవారికి, నా యభిప్రాయమున, పై లెక్కలోని కొలది రూపాయల భేదముకంటె ఇది పెద్ద సంగతి. కొని, సాలుసరి మరమ్మతు ఒడంబడిక చేసికొనువారు అందులో డ్రమ్ము చేరినదో లేదో చదివి చూడవలెను.

అద్దెవారు మరచు సంగతి యొకటి గలదు. నేటి పెద్ద యంత్రములలో పెక్కింట డిస్కు ఉండును. తీసిన పత్రముల ప్రతిబింబములు అందు నిలిచియుండవచ్చును. అద్దె యంత్రములను డిస్కులు తుడువకయే తిరిగి యిచ్చినందున న్యూయార్కులోని యొక ఆరోగ్య బీమా సంస్థ 2013లో అమెరికా ప్రభుత్వమునకు 12 లక్షల డాలర్లకు పైగా చెల్లింప నొప్పుకొనవలసి వచ్చెను. ఆ డిస్కులవలన 3 లక్షలకు మించిన జనుల రహస్యములు బయటపడియుండవచ్చునని లెక్క తేలినది. మీది న్యాయవాది కచ్చేరీయైనను, వైద్యశాలయైనను, గడువు తీరిననాడు డిస్కును తుడిచి యిచ్చు పని యెవరిదో ఒడంబడికలోనే వ్రాయించుకొనుడు. యంత్రము గుమ్మము దాటకమునుపే ఆ పని మీ యెదుట జరిపించుకొనుడు.