ఇంట్లో జబ్బుమనిషికి చాలినంత తిండి
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి ఓ పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు అన్నారు. నేను డాక్టరును కాను, బడిపంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. అయితే మా చెల్లెలు పదకొండేళ్ళుగా రుమటాయిడ్ కీళ్ళజబ్బుతో మా ఇంట్లోనే ఉంటోంది. ఆమెకు నాలుగు ముద్దలు తినిపించడం కోసం మేము డాక్టర్లను అడిగి తెలుసుకున్నవీ, ఇంట్లో చేసి చూసినవీ మీ ముందు పెడతాను.

ఒంటిని బయటి క్రిముల నుంచి కాపాడవలసిన రక్షణబలమే ఒంటిమీద తిరగబడితే వచ్చే జబ్బులివి. ఆటో ఇమ్యూన్ జబ్బులంటారు. రుమటాయిడ్, లూపస్, సీలియాక్, ఇలా చాలా ఉన్నాయి. 2022లో సినిమానటి సమంత తనకు మయోసైటిస్ ఉందని చెప్పాక ఆ పేరు మన ఇళ్ళలోకీ వచ్చింది. అదీ ఈ జాతిదే. రుమటాయిడ్ మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువ. లూపస్ రోగులు పదిమందిలో తొమ్మిదిమంది దాకా ఆడవాళ్ళే. అంటే ఏమిటి? ఇంటిల్లిపాదికీ వండి, అందరికీ వడ్డించి, గిన్నెలో మిగిలింది తినే మనిషికే ఈ జబ్బు వస్తోంది.

లోపల వాపు రగులుతున్నంతకాలం కండ కరుగుతుంది, ఆకలి చస్తుంది. పైకి మాత్రం ఒక్కోసారి తెలియదు. స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్ళకు ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, పొట్ట పెరుగుతుంది, చేతులూ కాళ్ళూ మాత్రం సన్నబడతాయి. పెళ్ళికి వచ్చిన చుట్టాలు చూసి "మాషా అల్లా, ఒళ్ళు చేశావే!" అంటారు. ఆ మాటకు సిగ్గుపడి ఆ పిల్ల రాత్రి అన్నం మానేస్తుంది. మా చెల్లెలి విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. దయచేసి ఈ జబ్బున్నవాళ్ళ ఒంటిని గురించి ఎవరూ ఏమీ అనవద్దు. మంచిమాటైనా వద్దు. కాటా మీద నెలకొకసారి తూచి రాసుకోండి. యాభై కిలోల మనిషి కారణం లేకుండా నెలలో రెండున్నర కిలోలు తగ్గిందంటే డాక్టరుకు చెప్పవలసిందే.

ఇక పథ్యం సంగతి. మనవాళ్ళకు వాతమనే మాట వినబడితే చాలు, జాబితా మొదలవుతుంది. వంకాయ వద్దు, గోంగూర వద్దు, పప్పు వాతం, గుడ్డు వేడి, పెరుగు చలవ, చేప పడదు. పరామర్శకు వచ్చిన ప్రతివారూ ఒక వస్తువు తీసేసి వెళ్తారు, ఒక వస్తువు కలిపేవాళ్ళు ఉండరు! చివరికి మిగిలేది అన్నమూ చారూ. ఇవన్నీ మానేస్తే కీళ్ళజబ్బు పోతుందనడానికి ఆధారం లేదని డాక్టర్లు చెప్తారు. ఏదైనా ఒకటి తిన్న ప్రతిసారీ బాధ పెరుగుతోందని రోగికే అనిపిస్తే, ఆ ఒక్కటి రెండు మూడు వారాలు ఆపి, మళ్ళీ తిని చూడవచ్చు. ఒకేసారి పది మాన్పిస్తే జబ్బుకు తోడు నీరసం కూడా వస్తుంది.

లెక్కకు వద్దాం, బడిపంతులు బుద్ధి మరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం ఆరోగ్యవంతులకే కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీను కావాలి. యాభై కిలోల మనిషికి దాదాపు 42 గ్రాములన్నమాట. జబ్బు ముదిరిన రోజుల్లో ఇంకా ఎక్కువ కావలసి రావచ్చు. మన కంచంలో ఉండేది సన్నబియ్యం. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి, బీపీటీ 5204, దేశమంతా పేరు తెచ్చుకుంది, మనకు గర్వకారణమే. కానీ రెండు కప్పుల అన్నంలో ప్రోటీను ఏడెనిమిది గ్రాములకు మించదు. రెండు గుడ్లు పన్నెండు గ్రాములు. రెండు గ్లాసుల పాలు ఇంకో పన్నెండు. చిక్కటి పప్పు ఒక కప్పు ఆరేడు. రేపల్లె, నిజాంపట్నం వైపు వాళ్ళకు చేపలకు కొదవ లేదు. కవళ్ళు, కానాగంతలు వంటి చేపల్లోని నూనె కీళ్ళ నొప్పికి కాస్త మేలు కూడా చేస్తుంది. మన దాల్చా ఎంత మంచి వంట! పప్పు, మాంసం, సొరకాయ ఒకే గిన్నెలో ఉంటాయి. కారమూ చింతపండూ తగ్గించి మెత్తగా వండితే పంటి బలం లేనివాళ్ళు కూడా తింటారు. ఖిచిడీలో మెత్తటి కీమా కలపవచ్చు. స్టెరాయిడ్లు ఎముకను గుల్ల చేస్తాయి గనుక రాగిజావ పాలతో కాచండి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. పాయా షోర్బా ఎముకకు ఎముక బలమని చాలామంది నమ్మకం. నిజానికి ఆ నీళ్ళలో కాల్షియం దిగేది కొంచెమే. రుచిగా ఉండి గొంతు దిగుతుంది కాబట్టి ఇవ్వండి, అందులోనే ఒక గుడ్డు గిలకొట్టి బాగా ఉడికించండి. గంటగంటకూ చాయ్ మాత్రం వద్దు. ఆకలి చంపుతుంది, అన్నంలోని ఇనుము ఒంటబట్టకుండా చేస్తుంది.

ఇన్ని చేసిపెట్టినా తినకపోవచ్చు. ఎందుకో చూడండి. రుమటాయిడ్ వాళ్ళకు పొద్దున లేచాక గంట దాకా, ఒక్కోసారి అంతకుమించి, వేళ్ళు ముడుచుకోవు. స్టీలు డబ్బాలో ఇడ్లీ పెట్టి బిగించి పనికి వెళ్ళిపోతాం. ఆ మూత ఆమెకు రాదు. సాయంత్రం డబ్బా అలాగే ఉంటే "తినవేం?" అని కసురుతాం. మా ఇంట్లో ఇప్పుడు ఆమె పళ్ళేల మీద మూత బోర్లించి ఉంచుతాం, బిగించం. లావుపాటి పిడి ఉన్న చెంచా, చెవి ఉన్న గ్లాసు కొన్నాం. నోట్లో పుళ్ళు పడితే పులుపు, కారం మంటపుడతాయి. అప్పుడు పెరుగన్నం, మగ్గిన అరటిపండు, చల్లటి సేమియా పాయసం దిగుతాయి. మయోసైటిస్‌లో కొందరికి మింగడమే కష్టం. పొలమారుతుంటే బలవంతంగా పెట్టకుండా డాక్టరుకు చూపాలి. ఒకేసారి కంచం నిండా పెట్టకుండా రోజుకు ఐదారుసార్లు కొంచెం కొంచెం పెట్టడం మేలు.

మందుల్లో ఒకదాని సంగతి తప్పక చెప్పాలి, మెథోట్రెక్సేట్. కీళ్ళజబ్బుకు దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళున్నారు. క్యాలెండరులో ఆ రోజుకు ఎర్రసిరాతో సున్న చుట్టండి. ఆ రోజూ మర్నాడూ వికారంగా ఉంటుంది, కాబట్టి తేలికైనవి వండండి, ముందురోజు బాగా తినిపించండి. దీనికి తోడుగా ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇస్తారు. ఈ రెండింటి వెనుకా ఉన్నది ఒక తెలుగువాడే! 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. తిన్నది ఒంటబట్టని స్ప్రూ జబ్బుతో ఆయన అన్నదమ్ములు పోయారు. అమెరికాలో ఆయన బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, అది స్ప్రూకు మందైంది. మెథోట్రెక్సేటూ ఆ బృందం చేతిదే. ఆకు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి ఫోలిక్ పేరు వచ్చింది. మన పాలకూర, తోటకూరల్లో అది పుష్కలం. అలాగని ఆకుకూర తింటున్నాం కదా అని మాత్ర మానకూడదు.

లూపస్ మూత్రపిండాలను తాకితే పైన చెప్పిన లెక్కలు మారతాయి. ప్రోటీను ఎంతో డాక్టరే చెప్పాలి. ఊరగాయ, ఎండుచేప అప్పుడు బాగా తగ్గించాలి. సీలియాక్ వాళ్ళకు గోధుమే విషం. హలీమూ కుదరదు, గోధుమ సేమియాతో చేసే షీర్ ఖుర్మా కూడా కుదరదు. బజారు ఇంగువలో కూడా గోధుమపిండి కలుస్తుంది, చూసి కొనండి. రోగనిరోధకాన్ని తగ్గించే మందులు వాడేవాళ్ళకు దావత్ నుంచి తెచ్చిన బిర్యానీ మర్నాడు పెట్టవద్దు.

రంజాన్‌లో రోగికి వెసులుబాటు ఉన్న సంగతి ఆలిములందరూ చెప్పేదే. బాగైతే తరవాత ఆ రోజాలు పూర్తిచేస్తారు, ఎప్పటికీ వల్లకానివాళ్ళు ఫిద్యా ఇస్తారు. అయినా నలుగురూ ఏమనుకుంటారోనని మందు మానేసి రోజా ఉండే ఆడవాళ్ళు మనలో ఉన్నారు. నెల రాకముందే డాక్టరునూ ఆలిమునూ ఇద్దరినీ అడగండి. రోజా లేని మనిషికి పగటిపూట వంటగదిలో దొంగతనంగా తినే గతి పట్టనీయకండి. ఇంటిపెద్దే ఆమెకు పళ్ళెం తీసుకెళ్ళి ఇస్తే, ఇంకెవరూ నోరెత్తరు.

పరామర్శకు వెళ్ళేవాళ్ళు యాపిల్ పళ్ళు, బలం పొడి డబ్బా తీసుకెళ్తారు. ఈసారి ఇంట్లో చేసిన దాల్చా ఓ గిన్నెడు, తేలిగ్గా వచ్చే మూత పెట్టి, తీసుకెళ్ళండి. ఆమెతో కూర్చుని మీరూ రెండు ముద్దలు తినండి. ఒంటరిగా తిననివాళ్ళు పక్కన మనిషి ఉంటే తింటారు, మా ఇంట్లో చూస్తున్నాను. తెనాలిలో ఉన్నవాళ్ళు రేపల్లె రైలెక్కి వెళ్ళి రావడానికి ఒక పూట చాలు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. అడగదలచినవి చాయ్ వేళ అడగండి, తెలిసినంతవరకు చెప్తాను.