పావు తక్కువ రెండు

పోయిన ఎపిసోడ్ తర్వాత చాలామంది దాదాపు ఒకే ప్రశ్న పంపించారు. "మా పిల్లలు రోజూ లెక్కల వర్క్‌షీట్లు చేస్తున్నారు, మార్కులు బాగానే వస్తున్నాయి. ఇంకేం కావాలండీ?" దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పలేను. ఇవాళ భిన్నాల గురించి, అంటే ఫ్రాక్షన్ల గురించి మాట్లాడతాను. జవాబు అందులోనే దొరుకుతుంది.

ముందు మీకో లెక్క. పెన్ను అక్కర్లేదు, కారు నడుపుతున్నవాళ్ళు కూడా చేయొచ్చు. పన్నెండు బై పదమూడుకి ఏడు బై ఎనిమిది కలపాలి. 12/13 + 7/8. కచ్చితమైన జవాబు నాకొద్దు, సుమారుగా చాలు. నాలుగు ఆప్షన్లు ఇస్తాను: 1, 2, 19, 21. ఏది?

పదమూడు ముక్కల్లో పన్నెండంటే దాదాపు ఒకటి. ఎనిమిదిలో ఏడన్నా దాదాపు ఒకటే. ఒకటీ ఒకటీ రెండు. అయిపోయింది. క.సా.గు. దాకా వెళ్ళే పనే లేదు.

ఈ ప్రశ్న నేను తయారుచేసింది కాదు. 1978లో ఇక్కడ అమెరికాలో జాతీయ స్థాయిలో జరిగిన పరీక్షలో 13 ఏళ్ళ పిల్లల్ని అడిగిన ప్రశ్న. రెండు అని చెప్పినవాళ్ళు 24 శాతం. పంతొమ్మిది అన్నవాళ్ళు 28 శాతం, ఇరవై ఒకటి అన్నవాళ్ళు 27 శాతం. అంటే సరైన జవాబు కంటే రెండు తప్పు జవాబులకీ విడివిడిగా ఎక్కువ ఓట్లు పడ్డాయన్నమాట.

పంతొమ్మిది ఎక్కణ్ణుంచి వచ్చింది? పైనున్న 12, 7 కలిపారు. ఇరవై ఒకటి? కిందనున్న 13, 8 కలిపారు. ఆ పిల్లలకి అక్కడ రెండు సంఖ్యలు కనపడలేదు. నాలుగు సంఖ్యలు, మధ్యలో రెండు గీతలు కనపడ్డాయి. వాళ్ళు మొద్దులేం కాదండీ. చిన్నప్పట్నుంచీ అంకె పెద్దదైతే విలువ పెద్దదని నేర్చుకున్నారు, అది వాళ్ళని ఎప్పుడూ మోసం చెయ్యలేదు. భిన్నాల దగ్గరకొచ్చేసరికి హారం పెరిగే కొద్దీ విలువ తగ్గుతుంది. ఎన్నాళ్ళుగానో పనిచేసిన నియమం ఒక్కసారిగా తిరగబడుతుంది. ఆ సంగతి పిల్లలకి విడమరిచి చెప్పేవాళ్ళు తక్కువ. లవం, హారం, క.సా.గు., కొట్టివేతలు, ఇవి మాత్రం చెప్తాం.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట. టైమ్ 8:45 అయితే మన పెద్దవాళ్ళు ఏమంటారు? పావు తక్కువ తొమ్మిది. ఎంత చక్కటి మాటో చూడండి. తొమ్మిదికి దగ్గర్లో ఉన్నాం, ఇంకో పావు అయితే అందుకుంటాం, అని ఆ మాటలోనే ఉంది. 12/13ని కూడా అలాగే చూడాలి, ఒకటికి కాస్త తక్కువ అని. పావు, అర, ముప్పావు, పాతకాలంలో అయితే పదహారో వంతుకి వీసం, ఇవన్నీ విడివిడి పేర్లున్న పరిమాణాలు. గీతకి పైనా కిందా రాసిన అంకెలు కావు. అలాగని తెలుగు మాట్లాడితే భిన్నాలు వాటంతటవే వచ్చేస్తాయని నేననను. పావు తక్కువ తొమ్మిదికి బడికెళ్ళి, బోర్డు మీద భిన్నాలు చూసి బిక్కచచ్చిపోయినవాళ్ళు మనలోనే బోలెడుమంది.

ఇప్పుడు ఇంకో లెక్క, ఇది పెద్దవాళ్ళకి. పావు తక్కువ రెండుని అరతో భాగించాలి. 1¾ ÷ ½. చాలామందికి చెయ్యడం వచ్చు: రెండోదాన్ని తిరగేసి గుణించు, మూడున్నర. సరే. ఈ లెక్క అవసరమయ్యే ఒక సందర్భం చెప్పండి. చిన్న కథ. ఎపిసోడ్ ఆపి ఆలోచించినా ఫర్వాలేదు.

లీపింగ్ మా అనే పరిశోధకురాలు సరిగ్గా ఈ లెక్కనే 23 మంది అమెరికన్ టీచర్లకీ, 72 మంది చైనా టీచర్లకీ ఇచ్చారు. 1999లో ఆమె పుస్తకం వచ్చింది. చైనా టీచర్లు 72 మందీ సరిగ్గా చేశారు, వాళ్ళలో ఎక్కువమంది కథ కూడా చెప్పగలిగారు. అమెరికన్ టీచర్లలో లెక్క పూర్తిగా సరిగ్గా చేసినవాళ్ళు తొమ్మిది మంది. అర్థం చెడకుండా కథ చెప్పగలిగింది 23 మందిలో ఒక్కరే. చాలామంది చెప్పిన కథ ఇలా ఉంటుంది: పావు తక్కువ రెండు పిజ్జాలున్నాయి, ఇద్దరికి సమానంగా పంచాలి. వినడానికి బాగానే ఉంది. కానీ అది రెండుతో భాగించడం, అరతో కాదు.

మన వంటింట్లో చూద్దాం. పావు తక్కువ రెండు లీటర్ల పాలున్నాయి. అర లీటరు పట్టే గ్లాసుల్లో పోస్తున్నాం. ఎన్ని గ్లాసులు నిండుతాయి? ఒక లీటరుకి రెండు గ్లాసులు. మిగిలిన ముప్పావు లీటరుకి ఒక గ్లాసు నిండి, ఇంకోటి సగం. మొత్తం మూడున్నర. తిరగేసి గుణించడంలో మంత్రమేం లేదు. ఒకటిలో అరలు రెండున్నాయి కాబట్టి రెండుతో గుణిస్తాం, అంతే. గ్లాసు లీటరులో మూడో వంతైతే ఒక లీటరుకి మూడు గ్లాసులు. అదే గ్లాసు మూడింట రెండు వంతులైతే? గ్లాసు రెండింతలయింది కాబట్టి మూడులో సగం, ఒకటిన్నర. 2/3ని తిరగేస్తే వచ్చే 3/2 ఇదే. ఇంత చిన్న సంగతి నాకు స్కూల్లో ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు వర్క్‌షీట్ల దగ్గరికొస్తాను. శనివారాలు మా ఊరి లైబ్రరీలో పిల్లలకి లెక్కల్లో సాయం చేస్తుంటాను. అక్కడికి ఆరో తరగతి అమ్మాయి ఒకతె వస్తుంది. వాళ్ళ స్కూల్లో వచ్చే నెల ప్లేస్‌మెంట్ టెస్ట్, అది పాసైతే ఒక ఏడాది ముందే ఆల్జీబ్రా. నాన్నగారి పట్టుదల అంతా దానిమీదే. 12/13 + 7/8 ఆ అమ్మాయికి ఇచ్చాను. నిమిషం పట్టలేదు, 187/104 అని రాసింది. అది కరెక్టే. "మరి ఇది రెండుకి దగ్గరా, పంతొమ్మిదికి దగ్గరా?" అని అడిగాను. ఆ 187 వంక చూసి, "ఇది చాలా పెద్ద నంబర్ కదా ఆంటీ, పంతొమ్మిది" అంది. తర్వాత నెమ్మదిగా, "ఐయామ్ నాట్ ఎ మ్యాథ్ పర్సన్ ఆంటీ, అమ్మకి చెప్పకండి" అంది. ఎప్పుడూ నూటికి తొంభై అయిదు తెచ్చుకునే పిల్ల!

వాళ్ళ నాన్నగారితో మాట్లాడాను. "జవాబు కరెక్టే వచ్చింది కదండీ, ఇంక సమస్య ఏంటి?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. నేను చెప్పింది ఇది. ఆ పిల్ల ఎక్కడైనా ఒక అంకె తప్పు రాస్తే, తప్పు రాశానని తనకి తెలిసే దారి లేదు. జవాబు 18.7 వచ్చినా, 1.87 వచ్చినా తనకి ఒకటే. ఇంకోటి, 2012లో సీగ్లర్, మరికొందరు పరిశోధకులు అమెరికా, బ్రిటన్ పిల్లల సమాచారం పరిశీలించారు. పదేళ్ళ వయసులో భిన్నాలు, భాగహారం ఎంత వచ్చన్నదాన్ని బట్టి హైస్కూల్లో లెక్కలు ఎలా ఉంటాయో చాలావరకు అంచనా వెయ్యొచ్చని తేలింది. పిల్లల తెలివితేటలు, ఇంటి ఆదాయం లాంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా. ఆల్జీబ్రా ఒక ఏడాది ముందు మొదలైతే, ఈ లోటు కూడా ఒక ఏడాది ముందే బయటపడుతుంది.

ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. "టెస్ట్ అయిపోయాక చూద్దామండీ" అన్నారు. చివరికి శనివారం అరగంట నాది, ఇంట్లో వర్క్‌షీట్లు మామూలే అన్న ఒప్పందానికొచ్చాం. నేను వర్క్‌షీట్లకి వ్యతిరేకిని కాదు. ఎక్కాలు నోటికి రాకపోతే హారాలు కలపడంలోనే తల వాచిపోతుంది, ఇంక ఆలోచించడానికి ఓపికెక్కడిది?

ఆ అరగంటలో మేం చేసేది చాలా మామూలు పని. నేల మీద టేపు అంటించి సున్నా, ఒకటి, రెండు గుర్తు పెట్టాం. నేనొక కార్డు ఇస్తాను, తను దాన్ని ఎక్కడ పెట్టాలో చూపించాలి. మొదటి రోజు 12/13 కార్డు పట్టుకుని రెండు దాటి నడుచుకుంటూ వెళ్ళింది, "ఇక్కడ చోటు లేదు ఆంటీ" అంటూ. ఇంట్లో కొలత కప్పుల సెట్ తీసి 1/3 కప్పు, 1/4 కప్పు పక్కపక్కన పెట్టి ఏది పెద్దదో చూడమన్నాను. ఆ వారం ఉప్మా రవ్వ తనే కొలిచిందట.

పోయిన శనివారం ఒక వర్క్‌షీట్ తెచ్చింది. 3/8కి 2/5 కలిపితే 41/40 అని రాసి, దాని పక్కన పెద్ద ప్రశ్నార్థకం పెట్టుకుంది. "రెండూ సగం కంటే తక్కువే కదా ఆంటీ, ఒకటి ఎలా దాటింది?" ఎవరూ అడగకుండానే. మళ్ళీ చేస్తే 31/40 వచ్చింది.

టెస్ట్ ఇంకా కాలేదు. వాళ్ళ నాన్నగారు ఆదివారం కూడా అరగంట కుదురుతుందా అని మెసేజ్ పెట్టారు. వచ్చే ఎపిసోడ్‌లో మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకయిందో మాట్లాడుకుందాం. ఈలోగా ఆ 12/13 ప్రశ్న మీ ఇంట్లో పిల్లల్ని అడిగి, ఏమన్నారో, ముఖ్యంగా ఎందుకలా అన్నారో నాకు రాయండి. ఉంటానండీ.