మేడ్చల్, శామీర్‌పేట: పటములోని నల్లగీత



మేడ్చల్, శామీర్‌పేట ఒకదానికొకటి ఎంతో దూరములో లేవు. అయినను సర్వే ఆఫ్ ఇండియా వారి పాత పటములలో ఈ రెండూళ్లు ఒకే కాగితముమీద కనిపించవు. 78 డిగ్రీల 30 నిమిషముల రేఖాంశము వీటి నడుమగా పోవుటచేత మేడ్చల్ 56కె/6 సంఖ్యగల పటములోను, శామీర్‌పేట 56కె/10లోను చేరినవి. గుట్టలకు, వాగులకు ఈ విభజనతో నిమిత్తము లేదనుకోండి.

ఈ కొలతలకు మూలము 1802లో మద్రాసువద్ద లాంబ్టన్ ఆరంభించిన త్రికోణ సర్వే. నేలమీద ఒక్క గీతను గొలుసుతో జాగ్రత్తగా కొలిచి, తక్కిన దూరములను కోణములతో లెక్కకట్టుట ఆ పద్ధతి. లెక్క సరిచూచుటకై 1815లో బీదరు వద్ద మరొక గీతను కొలిచారు. 1818లో లాంబ్టనుకు సహాయకుడైన ఎవరెస్టు కృష్ణా గోదావరుల నడిమి అడవులలో జ్వరపడి, 1820లో కేప్ కాలనీకి పోవలసివచ్చింది. జెండాలు, పనిముట్లు మోసి గుట్టలెక్కిన ఖలాసీల జ్వరములను ఎవరు వ్రాసిపెట్టారు?

కోణములు చూపునది గుట్టల కొనలనే. వాటి నడుమ నున్న నేలను గీయుటకు మనిషి బల్లను మోసుకొని నడువవలసినదే. అంగుళమునకు మైలు చొప్పున గీసిన పటములలో సమోన్నత రేఖలు సాధారణముగా 50 అడుగుల ఎడముతో ఉండేవి. దశాంశమానములోనికి మారిన తరువాత, రెండు సెంటీమీటర్లకు కిలోమీటరు చొప్పున గీసిన పటములలో ఆ ఎడము 20 మీటర్లయినది. మెట్టనేలలో ఇరవై మీటర్లలోపల ఎంత సంసారమున్నదో రైతు నడిగితే తెలుస్తుంది! కుంట, కట్ట, మత్తడి అన్నీ ఆ సందులోనే ఇమిడిపోవును. అందుకే వాటికి వేరే గుర్తులు పెట్టారు. కట్టప్రక్కన "3ఆర్" అని ఉంటే, అది చుట్టుప్రక్కల నేలకంటె మూడు మీటర్ల ఎత్తని అర్థము. వాన కురిసినపుడే పారు వాగును నీలిరంగుతో కాక నల్లగీతతో చూపుతారు. దానిని బాట అని భ్రమపడువారు కొల్లలు.

ఇప్పుడా నల్లగీతలమీదనే ఇండ్లు లేచినవి. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఈ రెండూళ్ల ప్రక్కగా పోతున్నది. దానివెంట శిఖం భూములకు సైతము ధర వచ్చినది. 2020 అక్టోబరులో హైదరాబాదు వీధులలో పారిన నీరు తన పాతదారిని మరచిపోలేదు. స్థలము కొనువారు దస్తావేజులు చూస్తారు, పాతపటము చూడరు. ఈ పటము హక్కుల పత్రము కాదు, పొలము హద్దును తేల్చదు. నీరు ఎటునుండి వచ్చేదో మాత్రము చూపగలదు. చూడదలచినవారు రెండు పటములను అంచుకలిపి పరచుకొనవలెను. ఒక్కటే తెచ్చుకొన్నవారికి సగము వాగే చేతికందవచ్చును.