రుజువు ఎక్కడ అడుగవలెను?
(కాకినాడలో పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



2022లో ఏర్పడిన ఈ కాకినాడ జిల్లాలోనైనను, వెనుకటి తూర్పు గోదావరిలోనైనను, ఒక బిడ్డపై అత్యాచారము జరిగినదని ఊరిలో మాట పొక్కినప్పుడు పెద్దలు మొదట అడుగునది "రుజువేది?" అనియే. ప్రశ్న న్యాయమైనదే. కాని దాని నడుగవలసిన చోటు రామాలయపు అరుగు కాదని మేము మనవి చేయుచున్నాము.

చట్టములో మెట్లు మూడు. మొదటిది సమాచార మిచ్చుట. 2012 నాటి పోక్సో చట్టము 19వ సెక్షను ప్రకారము, బిడ్డపై లైంగిక నేరము జరిగినదని తెలిసినను, జరుగునేమో యను భయము కలిగినను, పోలీసులకు తెలుపుట ప్రతివారికిని విధి. సాక్ష్యము సేకరించుట మన పని కాదు. సదుద్దేశముతో చెప్పినవారికి చిక్కు లేదు. తెలిసి దాచినవారికి ఆరు నెలల వరకు జైలు గాని, జరిమానా గాని, రెండును గాని కలుగవచ్చును.

రెండవది రక్షణ. 2015 నాటి బాల న్యాయ చట్టము క్రింద బాలల సంక్షేమ సమితి విచారించునది బిడ్డకు సంరక్షణ అవసరమా అను సంగతిని. తిండి పెట్టక, వైద్యము చేయింపక విడిచిన బిడ్డయు అందుకు అర్హమే. నేరము రుజువగువరకు ఆగ నక్కరలేదు.

మూడవది శిక్ష. ఇక్కడ సహేతుకమైన సందేహమునకు తావులేని రుజువు కావలెను. లేనిచో నిరపరాధి జైలు పాలగును. కొన్ని నేరములలో నిందితుడే దోషియని భావింపుమని పోక్సో 29వ సెక్షను చెప్పినను, మూల విషయములను ప్రాసిక్యూషన్ ముందుగా స్థాపింపవలెనని న్యాయస్థానములు నిర్ణయించినవి. పసిబిడ్డ సాక్ష్యము చెల్లదనుట పొరపాటు. సాక్షికి కనీస వయస్సు లేదు. నమ్మదగినదైనచో ఆ ఒక్క సాక్ష్యముపైననే శిక్ష విధింపవచ్చునని సుప్రీంకోర్టు 1997లో చెప్పినది.

కావుననే ఆ మాటను చెడగొట్టరాదు. పదిమంది పదిసార్లు ప్రశ్నించినచో బిడ్డ బెదరి మాట మార్చును. ఆ తేడాయే రేపు కేసును పడగొట్టవచ్చును. రాజీ కుదుర్చుట, బిడ్డ పేరు బయటపెట్టుట కూడదు.

పంచాయతీ చేయదగిన పని మరియొకటి గలదు. బిడ్డ వయస్సు పదునెనిమిదేండ్లలోపని తేలనిచో పోక్సో కేసు నిలువదు. బాల న్యాయ చట్టము 94వ సెక్షను ప్రకారము మొదట చూచునది పాఠశాల ఇచ్చిన పుట్టినతేదీ పత్రమును, లేదా మెట్రిక్యులేషన్ పత్రమును. అవి లేనప్పుడు పంచాయతీ లేక పురపాలక సంఘము ఇచ్చిన జనన పత్రమును చూతురు. అదియు లేనప్పుడే వైద్య పరీక్ష. కనుక మీ గ్రామమున పుట్టిన ప్రతి శిశువును 21 రోజులలో నమోదు చేయింపుడు.

అనుమానము కలిగిన నాడే 1098కి గాని 112కు గాని ఫోను చేయుడు. నిజానిజములు తేల్చుటకు న్యాయస్థానము ఉన్నది.