మంచము పట్టిన పెద్దలు, సేవచేయు చేతులు



ఇసకపల్లి, మైపాడు, కృష్ణపట్నము మొదలగు మన నెల్లూరు తీరపు పల్లెలలో వేసవి మధ్యాహ్నము ఎట్లుండునో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. రోహిణీ కార్తెలో ఇసుక మీద కాలు నిలువదు. ఉప్పుగాలి వలన ఒంటి చెమట ఆరదు. అట్టి మధ్యాహ్నమున ఒక ఇంటి వసారాలో మంచము పట్టిన అవ్వ, నాలుక పిడచగట్టుకొని పోవుచున్నను, మంచినీళ్ళు వద్దనుచున్నది. చెంబు ప్రక్కనే ఉన్నది. ఇచ్చువారును ఉన్నారు. ఎందుకు వద్దని అడిగినచో, "తాగితే మళ్ళా తడుపుతాను గదమ్మా, కోడలు ఒక్కతే ఎన్నిసార్లని లేస్తది?" అని ఆమె సమాధానము.

ఇట్టి అవ్వలను, తాతలను మేము పలువురిని చూచితిమి. నీరు తగ్గినకొలది మూత్రము చిక్కబడి మంట పుట్టును. మలబద్ధకము కలుగును. వడగాడ్పు దినములలో అది ప్రాణమునకే ముప్పు తెచ్చును. కావున పెద్దల డైపరును సులభముగా తొడుగుట యను విషయము వినుటకు చిన్నదైనను, దాని వెనుక ఒక నిండు ప్రాణమున్నది. నేడు మేము చెప్పదలచిన మాట ఒక్కటే. సేవచేయు చేతులకు శ్రమ తగ్గినప్పుడే సేవ పొందువారికి బిడియము తగ్గును.

డైపరు చరిత్రయు ఈ మాటనే చెప్పుచున్నది. 1946 ప్రాంతమున అమెరికాలో మేరియన్ డోనోవన్ అను తల్లి, తడిసిన గుడ్డలు మార్చి మార్చి విసిగి, స్నానపు గది తెరను కత్తిరించి నీరు పారని పై తొడుగు నొకదానిని కుట్టినది. పిన్నీసులకు మారుగా నొక్కుడు గుండీలు పెట్టినది. 1951లో ఆమెకు దానిపై పేటెంటు లభించినది. ఆ మార్పు తొడుగుకొను బిడ్డ కోరినది కాదు, తొడుగు తల్లి కోరినది. తరువాత 1960, 70 దశకములలో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రజ్ఞులు నేలలో తేమ నిలుపుటకై, తన బరువునకు ఎన్నో రెట్లు నీటిని పట్టి ఉంచు పదార్థములను రూపొందించిరి. ఆ జాతి పదార్థమే 1980 దశకములో డైపర్లలో ప్రవేశించి, తడిని జిగురువలె కట్టిపట్టుచున్నది. వృద్ధులు మిక్కుటముగా నున్న జపానులో ఓజీ హోల్డింగ్స్ అను సంస్థ, ఆ దేశమున పసిపిల్లల డైపర్ల తయారీని నిలిపి పెద్దల డైపర్లపై శ్రద్ధ వహింతుమని 2024లో ప్రకటించినది. పసివారికై పుట్టిన వస్తువు క్రమముగా పెద్దల వస్తువగుచున్నది.

అయితే పసిబిడ్డను రెండు కాళ్ళు పట్టి ఎత్తి డైపరు పెట్టినట్లు, నిండు మనిషిని ఎత్తుట సాధ్యము కాదు. ఎత్తబోయినవారి నడుము విరుగును, మంచముమీదివారి తుంటి నొచ్చును. మన తీరమున మగవారు తెల్లవారకమునుపే వేటకు పోవుదురు. ఇంటనున్న స్త్రీ చేపల గంపతో బయలుదేరులోపల ఒంటరిగానే ఈ పని ముగించుకొనవలెను. కనుక ఒక జత చేతులతో, ఎత్తక, దొర్లించుట మాత్రమే తెలిసి చేయు పద్ధతి కావలెను.

మొదట మంచము సంగతి. నులక మంచము నడుమ జారి గుంటపడును. ఆ గుంటలో నున్న మనిషిని ప్రక్కకు దొర్లించుట ఇద్దరికిని కష్టము. నులక బిగించి, పైన వెడల్పాటి చెక్కపలక వేసి, దానిపై పరుపు పరచినచో పని సగము తేలిక యగును. మంచము సేవచేయువారి నడుము ఎత్తునకు దాపుగా ఉండవలెను. తక్కువైనచో నాలుగు కోళ్ళ క్రిందను కోడు కూర్చుండు గుంటగల గట్టి దిమ్మలు పెట్టవచ్చును. మంచమును ఒక ప్రక్కన గోడకు చేర్చి వేయవలెను. అప్పుడు ఆవలివైపు పడుదురను భయముండదు. ఇంట లేని రెండవ మనిషి పనిని గోడయే చేయును.

రెండవది పాత నూలు చీర. దానిని మడతలు వేసి భుజముల నుండి తొడల వరకు వచ్చునట్లు మనిషి క్రింద పరచి ఉంచవలెను. ప్రక్కకు త్రిప్పవలసినప్పుడు ఒంటిని పట్టి లాగక ఆ చీర అంచును పట్టి త్రిప్పవచ్చును. మూడవది సామగ్రి. క్రొత్త డైపరు, గోరువెచ్చని నీరు, మెత్తని తడిగుడ్డ, పొడిగుడ్డ, పాత కాగితములు, అన్నియు చేతికందు దూరమున అమర్చుకొనిన పిమ్మటనే పని మొదలిడవలెను. నడుమ లేచిపోయి గుడ్డ వెదకుట వలననే చాల ఇండ్లలో కాలమును ఓర్పును వ్యర్థమగుచున్నవి.

ఇక తొడుగు విధము. మడత విప్పిన డైపరును పొడవుగా నడిమికి మడిచి, దోనెవలె చేసి ఒక క్షణము పట్టుకొనవలెను. లోపలి అంచులు నిలిచి, తడి ప్రక్కకు పోకుండ కట్టవలె పనిచేయును. పట్టీలున్న భాగము వీపువైపునకు రావలెను. దోనెను మరల పరచి, అందు సగభాగమును నిలువునా చుట్టి సిద్ధముగా ఉంచవలెను.

పిదప ముందుగా మాట, తరువాత చేయి. "అత్తా, గోడ పక్కకి తిరుగుదువు గాని. మోకాలు మడుచుకో. ఒకటి, రెండు, మూడు." ఇట్లు చెప్పినచో ఆమె తన ఒంటిలో మిగిలిన బలమును కూడ కలుపును. చెప్పక పట్టి త్రిప్పినచో భయముతో బిగుసుకొని బరువగును. మనవైపున్న మోకాలు మడిచి, తుంటిమీద ఒక చేయి, భుజముమీద ఒక చేయి వేసి గోడవైపు మెల్లగా త్రోయవలెను. పాత డైపరు పట్టీలు ముందే విప్పి, దానిని లోపలికి చుట్టి ఒంటి క్రిందికి నెట్టవలెను. ముందు నుండి వెనుకకు తుడిచి, తడి లేకుండ అద్దవలెను. వెనుక నుండి ముందునకు తుడిచినచో, ముఖ్యముగా స్త్రీలకు, మూత్రనాళమున క్రిములు చేరును. క్రొత్త డైపరు చుట్టిన సగమును పాతదాని ప్రక్కనే ఒంటి క్రిందికి చొప్పించి, పైఅంచు నడుమువద్దకు వచ్చెనా యని చూడవలెను. పిమ్మట మనవైపునకు త్రిప్పి, ఆవలినుండి పాతది తీసివేసి, తుడిచి, క్రొత్తదాని చుట్టను విప్పవలెను. గోడవైపు ఒకసారి, మనవైపు ఒకసారి. రెండు మలుపులలో పాతది పోయి క్రొత్తది వచ్చును.

వెల్లకిల పరుండజేసి ముందుభాగమును కాళ్ళ నడుమ నుండి పైకి తీయవలెను. మగవారికి మూత్రాంగము క్రిందివైపునకు ఉండునట్లు సరిచూడవలెను. ఈ చిన్న సంగతి మరచుట చేతనే పైనుండి పంచె తడియును. క్రింది పట్టీలను ముందు, కొంచెము పైకి వాల్చి అంటించవలెను. అవి తొడను హత్తుకొనును. పై పట్టీలను తరువాత కొంచెము క్రిందికి వాల్చి అంటించవలెను. అవి నడుమును పట్టును. నడుమువద్ద రెండు వ్రేళ్ళు దూరు సందు చాలును. గజ్జలవెంట వ్రేలు పోనిచ్చి, ముడుతల అంచు బయటికి వచ్చునట్లు సవరించవలెను.

పక్షవాతము వచ్చినవారి విషయమున ఒక హెచ్చరిక. చచ్చుబడిన చేతిని పట్టి ఎన్నడును లాగరాదు. ఆ ప్రక్కకు త్రిప్పునపుడు ఆ చేయి ఒంటి క్రింద నలుగకుండ ముందునకు తీసి ఉంచవలెను. తుంటి యెముక విరిగినవారిని ఏ ప్రక్కకు త్రిప్పవచ్చునో వైద్యుని అడిగి తెలిసికొనిన తరువాతనే త్రిప్పవలెను.

పట్టుకొని నిలువగలిగినవారికి చల్లడమువలె తొడుగు డైపరు మేలు. కూర్చుండబెట్టి రెండు పాదములను దూర్చి మోకాళ్ళవరకు తెచ్చి, తరువాత ఒక్కసారి నిలిపి పైకి లాగవలెను. తీయునపుడు క్రిందికి లాగనక్కరలేదు. ఇరుప్రక్కల కుట్టును చించినచో ఊడివచ్చును. ఈ సంగతి తెలియక మురికిని కాళ్ళవెంట దింపుచు అవస్థపడువారు కలరు. కుర్చీ కమోడుపై కూర్చుండగలవారిని మాత్రము వేళకు కూర్చుండబెట్టుటయే మంచిది. డైపరు ఉన్నదిగదా యని ఉన్న శక్తిని పోగొట్టరాదు.

కొలత విషయమున పొరపాటు ఎక్కువ. పెద్ద సైజు ఎక్కువ పీల్చునని కొందరనుకొందురు. అది తొడలవద్ద సందు విడిచి కారును. నడుమును, పిరుదులను టేపుతో కొలిచి, ఏది ఎక్కువైన దానినిబట్టి పొట్లముపై అంగుళములు చూచి కొనవలెను. రాత్రికి రెండు డైపర్లు ఒకదానిలో నొకటి పెట్టుటయు వృథా. లోపలిదాని ప్లాస్టికు అడుగు తడిని రెండవదానికి పోనీయదు. చాల డైపర్ల వెలుపల ఒక గీత ఉండును. తడిసినప్పుడు దాని రంగు మారును. దానిని చూచినచో ఊరక విప్పి చూడ పనిలేదు. అయితే మలము తగిలినప్పుడు క్షణమాలసింపక మార్చవలెను.

చర్మము మాటకు వత్తుము. మన తీరపు ఉక్కలో డైపరు క్రింది చర్మము త్వరగా నానును. నానిన చర్మము త్వరగా చిట్లును. పౌడరు చల్లినచో ముద్దకట్టి ఒరసికొనును. జింకు ఆక్సైడు లేపనమును పలుచగా రాసిన చాలును. మందముగా రాసినచో డైపరు తడిని పీల్చలేదు. సాధారణముగా రెండు గంటలకొకసారి ప్రక్క మార్చుట మంచిదని వైద్యులు చెప్పుదురు. నడుము క్రింది ఎముకవద్ద, తుంటివద్ద, మడమలవద్ద ఎరుపు కనిపించి, వ్రేలితో నొక్కి వదలినను అది తెల్లబడనిచో, పరుపుపుండునకు అది తొలి గురుతు. మన చామనచాయ మేనిపై ఎరుపు తెలియకపోవచ్చును. అచ్చట చేయి పెట్టి వేడియో, గట్టిదనమో ఉన్నదేమో చూడవలెను. ఉన్నచో ఆ ప్రక్కన పరుండబెట్టక వైద్యునికి చూపవలెను.

ఖర్చు మాటయు చెప్పక తీరదు. దినమునకు మూడు నాలుగు డైపర్లు కొనుట సామాన్య కుటుంబమునకు భారమే. 2025 సెప్టెంబరు 22 నుండి వీనిపై జి.యస్.టి. 12 శాతము నుండి 5 శాతమునకు తగ్గినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024 జూలైలో, పక్షవాతము మొదలగు వానిచే పూర్తిగా మంచమునకో చక్రముల కుర్చీకో పరిమితమైనవారి పింఛనును నెలకు 5,000 నుండి 15,000 రూపాయలకు పెంచినది. అర్హులైనవారు విచారించి పొందవలెను. పగలు పాత నూలుగుడ్డలు, రాత్రియు ప్రయాణమందును డైపరు అను పద్ధతియు పొదుపైనదే. గుడ్డలను ఉతికి ఎండలో ఆరవేయుట మాత్రము మరువరాదు.

వాడిన డైపరును లోపలికి చుట్టి, దాని పట్టీలతోనే బిగించి, కాగితమున పొట్లముకట్టి చెత్త సేకరించువారికి వేరుగా ఇయ్యవలెను. అట్లు చుట్టి ఇయ్యవలెనని 2016 నాటి ఘనవ్యర్థముల నియమములును విధించినవి. ఇసుకలో పూడ్చినది గాలికి బయటపడును. బకింగుహాము కాలువలో వేసినది ఊరి ముంగిటికే తిరిగివచ్చును.

మన తీరమునకు తుపానుల బెడద కలదు. 1989 నవంబరులో కావలివద్ద తీరము దాటిన పెనుతుపానును, 2021 నవంబరునాటి పెన్న వరదలను మరువలేము. మంచము పట్టిన పెద్దలున్న ఇంట, ఆశ్వయుజము దాటకమునుపే ఒక సంచిలో వారమునకు సరిపడు డైపర్లు, మందులు, పాత చీర, లేపనము, ప్లాస్టికు పట్టలో చుట్టి సిద్ధముగా ఉంచవలెను. పదిమంది నడుమ శిబిరములో గడపవలసి వచ్చినప్పుడు, ఆ సంచియే వారి మానమును కాపాడును.

చివరగా ఒక్క మాట. తలుపు చేరవేయుట, ఒంటిపై దుప్పటి కప్పి దాని చాటుననే పని ముగించుట, ముక్కు మూసికొనకుండుట, పొరుగువారియెదుట ఆ ఊసెత్తకుండుట, వీనికి ఖర్చులేదు. ఇంటి మగవారును ఈ రెండు మలుపుల పని నేర్చినచో కోడలికో కూతురికో ఒక పూట విశ్రాంతి దొరకును. సముద్రముపై వలలాగు చేతులకు ఇది కష్టమైన పని కాదు.

పని ముగిసినపిమ్మట చేతులు సబ్బుతో కడుగుకొని, ఆ చెంబును అందుకొనుడు. "తాగు అవ్వా, ఇప్పుడు ఇది మాకు చిటికెలో పని" అని చెప్పుడు. ఆమె ఆ నీరు త్రాగినచో, మీరు డైపరు తొడుగుట నేర్చినట్లే.