ముందు పేరు రాయండి

వికలాంగ బాలల హక్కుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను పండితుణ్ణి కాను. ముప్పై ఆరేళ్లు గుమాస్తాగా ఫైళ్లు నడిపినవాణ్ణి. అందుచేత ఒక ఫారం సంగతే చెబుతాను.

మా రెండోవాడికి పుట్టుకతోనే బుద్ధిమాంద్యం. 1987లో ఏడేళ్లవాణ్ణి బడికి తీసుకువెళితే, "మిగతా పిల్లలకు ఇబ్బందండీ" అన్నారు. మారుమాటాడకుండా తిరిగొచ్చాను. వాళ్లను అని ఏం లాభం? నేను చేసిందీ అదే. ఆఫీసులో ఇచ్చిన కుటుంబ వివరాల ఫారంలో పెద్దవాడి పేరు, అమ్మాయి పేరు రాసి, వీడి పేరు వదిలేశాను. నలుగురికీ తెలిస్తే అమ్మాయి సంబంధాలకు అడ్డనుకున్నాను.

2009లో పింఛను కాగితాలు చూసి మా ఆవిడ, "వాడు మన బిడ్డ కాదా అండీ? మన తర్వాత వాడికి దిక్కెవరు?" అంది. ఎందరి ఫారాల్లోనో తప్పులు దిద్దిన నేను ఆ రోజు తలెత్తలేకపోయాను. వైద్య ధ్రువపత్రం జతచేసి పేరు చేర్పించాను.

ఆనాడు నాకు లేని అండ నేటి తల్లిదండ్రులకు ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో గానీ, ప్రత్యేక పాఠశాలలో గానీ, కోరుకున్నచోట ఉచితంగా చదువుకోవచ్చు. గుర్తింపు పొందిన ఏ బడీ వైకల్యం పేరు చెప్పి కాదనరాదు. మీ మనుమలనెవరైనా కాదంటే నాలాగా తిరిగి రాకండి. కారణం రాసివ్వమనండి. మండల విద్యాశాఖాధికారికి అర్జీ పెట్టండి.

సంపాదించుకోలేని వైకల్యమున్న బిడ్డకు, తల్లిదండ్రుల అనంతరం జీవితాంతం కుటుంబ పింఛను పొందే వీలు నిబంధనల్లో ఉంది. బుద్ధిమాంద్యం ఉన్నవారికి 18 నిండాక, 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద జిల్లా స్థానిక కమిటీ ద్వారా సంరక్షకుణ్ణి నియమింపజేసుకోవచ్చు. ఇవన్నీ మనం ఉండగానే చక్కబెట్టాలి. ఇంటికి వెళ్లగానే ఫైలు తీసి, ఎవరి పేరైనా విడిచామేమో చూసుకోండి.

మావాడికి ఇప్పుడు నలభై దాటాయి. నెలనెలా నాతో బ్యాంకుకు వస్తాడు. పాస్‌బుక్కు వాడే పట్టుకుంటాడు, నాకివ్వడు. ఇవాళ కూడా వచ్చాడు. అదుగో, మూడో వరుసలో కూర్చున్నాడు.