కుందేళ్ల యూనిట్‌కు మొదటి వేసవే పరీక్ష

(యూనిట్ మంజూరైన లబ్ధిదారుల అవగాహన సమావేశంలో పశువైద్యులు చేసిన ప్రసంగం. ఫోన్‌లో దాచుకోండి. ఇంట్లో బోనుల దగ్గర పని చేసేవాళ్లకు కూడా చదివి వినిపించండి.)

మీ పేరు మీద కుందేళ్ల యూనిట్ మంజూరైంది. సంతోషం. సబ్సిడీ ఎంత, బ్యాంకు రుణం ఎంత, మీ వాటా ఎంత అనేది మీ మంజూరు పత్రంలోనే రాసి ఉంది. అవి మళ్లీ చదవను. ఆ కాగితంలో లేని సంగతులు రెండున్నాయి. ఒకటి ఎండ, రెండోది కొనేవాళ్లు. ఈ రెండూ ముందే చూసుకున్నవాళ్ల యూనిట్ నిలుస్తుంది. చూసుకోనివాళ్లకు బోనులు ఖాళీ అవుతాయి, బ్యాంకు వాయిదా మాత్రం మిగులుతుంది.

ఉన్ని కుందేలు మనకెందుకు కాదు?

ఫోన్‌లో వీడియోలు చూసి చాలామంది అడుగుతున్నారు: "సార్, ఒళ్లంతా దూదిలా ఉండే అంగోరా కుందేళ్లు ఇప్పించండి, ఉన్ని అమ్ముకుంటాం" అని. అంగోరా మంచి జాతే. హిమాచల్ ప్రదేశ్‌లో కులూ దగ్గర గడ్సాలో కేంద్రీయ గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ వారి కేంద్రంలో వాటిని పెంచుతున్నారు. రెండున్నర, మూడు నెలలకు ఒకసారి ఉన్ని కత్తిరిస్తారు. అది శాలువాలకు పనికొచ్చే సన్నటి, మెత్తటి ఉన్ని. కానీ చాకిరీ చాలా ఉంటుంది. చిక్కు పడకుండా దువ్వాలి. నాక్కునేటప్పుడు బొచ్చు కడుపులోకి పోయి ఉండ కడుతుంది కాబట్టి ఎండుగడ్డి తప్పకుండా పెట్టాలి. ఉన్ని తీసిన కొత్తలో చలిగాలి తగలకుండా కాపాడాలి.

అది చల్లని కొండల జీవం. మనకు మే నెలలో 42, 44 డిగ్రీలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండలో ఒంటి మీద అంత ఉన్నితో అది బతకడం కష్టం. ఒకవేళ బతికించుకున్నా, ఆ ఉన్ని వడికేవాళ్లు, నేసేవాళ్లు అక్కడ ఉన్నారు, మన ఊళ్లో లేరు. అందుకే మనకిచ్చేది మాంసం కుందేళ్లు: న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా, వైట్ జెయింట్, గ్రే జెయింట్ లాంటి జాతులు. అయితే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. అంగోరాను వద్దన్న ఆ రెండు కారణాలూ వీటికీ వర్తిస్తాయి. ఉన్ని లేదు కాబట్టి కొంచెం నయం, అంతే.

ఎండ సంగతి

కుందేలుకు మనలా చెమట పట్టదు. ఒంట్లో వేడిని ఎక్కువగా చెవుల ద్వారానే బయటికి పంపుతుంది. దానికి హాయిగా ఉండేది 15 నుంచి 25 డిగ్రీల మధ్య. 30 దాటితే మేత తగ్గిస్తుంది. 35 దాటితే ప్రాణం మీదికొస్తుంది. చూలు కుందేలు, బాగా బలిసిన కుందేలు ముందు పడిపోతాయి.

షెడ్డు తూర్పు పడమరలుగా పొడవుండేలా వేయండి. అప్పుడు పొద్దుటెండ, సాయంత్రపు ఎండ బోనుల మీద నేరుగా పడవు. చెట్టు నీడ ఉంటే ఇంకా మంచిది. పైన రేకులు వేస్తే వాటి మీద తాటాకు గానీ, కొబ్బరి మట్టలు గానీ, వరిగడ్డి గానీ మందంగా పరిచి తాళ్లతో కట్టండి. గోడలు నిండుగా లేపొద్దు. నడుము ఎత్తు గోడ, ఆ పైన జాలీ సరిపోతుంది. వేసవిలో గాలి వచ్చే వైపు తడి గోనె పట్టాలు వేలాడదీయండి. రెండో వైపు తెరిచే ఉంచండి. నాలుగు వైపులా తడి పట్టాలు కట్టేస్తే లోపల ఉక్కపోసి ఇంకా ప్రమాదం.

మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు ఇంట్లో ఒకరు షెడ్డు దగ్గర ఉండాలి. చెవులు చాచి, ముక్కుపుటాలు గబగబా ఆడిస్తూ, నోటి దగ్గర తడిగా ఉండి, తల వెనక్కి వాల్చి పడుకుందంటే వడదెబ్బ తగిలినట్టే. వెంటనే నీడలోకి తీసి, చల్లని నీటిలో ముంచిన గుడ్డతో చెవులు తుడవండి. ఐసు నీళ్లలో ముంచొద్దు, ఆ దెబ్బకే చచ్చిపోతుంది. ఇంట్లో ఫ్రిజ్ ఉంటే, సీసాలో నీళ్లు గడ్డకట్టించి, గుడ్డ చుట్టి బోనులో పెట్టండి. కుందేలు దాన్ని ఆనుకుని పడుకుంటుంది.

తాగే నీళ్లు ఎప్పుడూ ఉండాలి. పాలిచ్చే తల్లి, పిల్లలు కలిసి రోజుకు లీటరు దాకా తాగేస్తాయి. ఎండకు వేడెక్కిన నీళ్లు పారబోసి కొత్తవి పోయండి.

ఎప్పుడు తెచ్చుకోవాలి?

ఫిబ్రవరి నుంచి జూన్ దాకా కుందేళ్లు తెచ్చుకోవద్దు. మంజూరు అప్పుడే వచ్చినా షెడ్డు, బోనులు కట్టుకుని, వానలు పడి చల్లబడ్డాక ఆగస్టులో తెచ్చుకోండి. ఇలా చేయడానికి మీ అధికారిని, బ్యాంకును ముందే అడిగి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

లెక్క ఇలా ఉంటుంది. ఆగస్టులో నాలుగు నెలల వయసువి తెస్తే అక్టోబరుకు ఆరు నెలలు నిండుతాయి. అప్పుడు జత కలుపుతాం. 31 రోజులకు, అంటే నవంబరులో ఈనుతాయి. పిల్లలు అమ్మకానికి రావడానికి ఇంకో 12 వారాలు. కాబట్టి మీ చేతికి మొదటి రూపాయి వచ్చేది ఫిబ్రవరిలో. ఆరు నెలలు ఖర్చే, రాబడి లేదు. పది ఆడవి, రెండు మగవి ఉన్నాయనుకోండి. ఒక్కోదానికి రోజుకు 125 గ్రాముల దాణా చొప్పున రోజుకు కిలోన్నర, నెలకు 45 కిలోలు, ఆరు నెలలకు 270 కిలోలు. పిల్లలు తినేది దీనికి అదనం. ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందే చూసుకోండి. బ్యాంకు వాయిదా ఏ నెలలో మొదలవుతుందో సంతకం పెట్టకముందే అడగండి. ఆరు నెలలకు ముందే మొదలవుతుందంటే గడువు పెంచమని అక్కడే దరఖాస్తు ఇవ్వండి.

జత కలపడం, ఈత

ఆడ కుందేలునే మగదాని బోనులోకి తీసుకెళ్లాలి. మగదాన్ని ఆడదాని బోనులోకి వదిలితే తన చోటికి వచ్చిందని ఆడది కరుస్తుంది. తేదీ పలక మీద రాసి బోనుకు తగిలించండి. 27వ రోజున ఈత పెట్టె పెట్టి, అడుగున ఎండుగడ్డి వేయండి. తల్లి తన పొట్ట బొచ్చు పీకి గూడు కట్టుకుంటుంది. అది జబ్బు కాదు.

పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. 10, 12 రోజులకు కళ్లు తెరుస్తాయి. తల్లి రోజుకు ఒకటి రెండుసార్లే, అదీ రాత్రి లేదా తెల్లవారుజామున, కొద్ది నిమిషాలు పాలిస్తుంది. "పగలంతా పాలివ్వడం లేదు" అని కంగారు పడొద్దు. పిల్లల పొట్టలు గుండ్రంగా ఉంటే పాలు తాగినట్టే. బోను కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి, లేకుంటే చీమలు పిల్లలను తినేస్తాయి. పిల్లి, కుక్క, పాము, ఎలుక లోపలికి దూరే సందు ఉండకూడదు.

వేసవి కోసం జనవరి తర్వాత జత కలపడం ఆపేయండి. ఎండ దెబ్బకు మగవాటి వీర్యం చెడుతుంది, వేడి తగ్గాక కూడా కోలుకోవడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. బలవంతంగా కలిపితే చూలు నిలవదు. నిలిస్తే మండుటెండలో తల్లి చస్తుంది.

మేత

కుందేలు పగలు తక్కువ తిని, రాత్రి ఎక్కువ తింటుంది. అందుకే దాణాలో ఎక్కువ భాగం సాయంత్రం పెట్టండి. పచ్చిమేతకు లూసర్న్, దశరథ గడ్డి, అవిశ ఆకు, మునగాకు, గరిక బాగుంటాయి. కోసిన వెంటనే తడిగా వేయకుండా కొంచెం వాడ్చి వేయండి. పురుగుమందు కొట్టిన చేను గట్ల మీది గడ్డి అసలే వద్దు. మేత మార్చాలంటే ఒక్కరోజులో మార్చకుండా వారం రోజుల్లో మెల్లగా మార్చండి.

బూజు పట్టిన వేరుశనగ చెక్క, ముక్కవాసన వచ్చే మొక్కజొన్న పెట్టొద్దు. గేదె తట్టుకునే బూజు విషం కుందేలును చంపేస్తుంది. తెల్లవారుజామున తన మెత్తటి పెంటను తనే తింటే తినన్విండి. అది దాని అరుగుదలలో భాగం.

జబ్బు, మందు

కుందేలు తన జబ్బును దాచుకుంటుంది. మనకు కనబడేసరికి ఆలస్యమవుతుంది. కాబట్టి రోజూ పొద్దున్నే రెండు చూడండి: రాత్రి పెట్టింది తిన్నదా, పెంట గుండ్రటి గోళీల్లా ఉందా. ఈ రెండింట్లో ఏది తేడాగా ఉన్నా ఆ కుందేలును వేరు చేయండి.

చెవిలో, ముక్కు మీద, కాలివేళ్ల మధ్య పొక్కు కడితే గజ్జి. పశువైద్యశాలలో సూది వేయిస్తే నయమవుతుంది. తల్లి నుంచి వేరుచేసిన పిల్లలకు పొట్ట ఉబ్బి, పారుడు పట్టుకుంటే కాక్సిడియోసిస్ అనుమానించాలి. అదే రోజు మందు పడాలి, బోను అడుగు శుభ్రం చేయాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇంట్లో మిగిలిన అమోక్సిసిలిన్, ఆంపిసిలిన్ గొట్టాలు విప్పి నోట్లో పోయొద్దు. మనిషికి మంచి చేసే ఆ మందే కుందేలు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులను చంపి, రెండు మూడు రోజుల్లో ప్రాణం తీస్తుంది. కుక్కలకు గోమార్ల కోసం వాడే ఫిప్రోనిల్ కూడా వీటికి విషమే. పశువైద్యశాల దూరమైతే 1962కు ఫోన్ చేయండి. బీమా ఉన్న కుందేలు చనిపోతే పాతిపెట్టకముందే ఫొటో తీసి డాక్టరుకు చూపించండి. ధ్రువపత్రం లేకుంటే బీమా డబ్బు రాదు.

కొనేవాళ్లు ఎవరు?

"ఏడాదికి 8 ఈతలు, ఈతకు 8 పిల్లలు, పది ఆడవాటికి 640 పిల్లలు, అన్నీ మేమే కొంటాం" అని చెప్పేవాళ్లు మీ దగ్గరికి వస్తారు. ఆ లెక్క కాగితం మీద బాగుంటుంది. మన వేసవి తీసేస్తే ఏడాదికి మూడు ఈతలు, ఈతకు చేతికొచ్చే పిల్లలు ఐదు వేసుకోండి. పది ఆడవాటికి 150. మొదటి ఏడాది రెండు ఈతలే కాబట్టి 100. రుణం కట్టగలమా లేదా అనేది ఈ లెక్క మీద చూసుకోండి.

ఆ 100 కుందేళ్లను కొనేవాళ్ల పేర్లు ఇప్పుడే రాసుకోండి. హోటళ్లు, మాంసం దుకాణాలు, వారం సంత, పట్నంలోని బంధువులు, ఎవరైనా సరే. ఒప్పందం చేసుకునేవాళ్లు వస్తే నాలుగు అడగండి: ఎన్ని కిలోలకు, ఏ ధరకు, రవాణా ఎవరిది, రాకపోతే నష్టం ఎవరిది. జవాబులు స్టాంపు కాగితం మీద రాయించండి. వాళ్లకు ఇప్పటికే మూడుసార్లైనా అమ్మి డబ్బు అందుకున్న రైతు ఇంటికి వెళ్లి మాట్లాడండి. అలాంటి రైతును చూపించలేకపోతే ఒక్క రూపాయి కూడా ముందుగా ఇవ్వొద్దు.

కుందేళ్లు కొన్న రసీదు జాగ్రత్త చేయండి. అడవి చెవులపిల్లిని పట్టడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. దారిలో ఎవరైనా ఆపితే ఇవి పెంపుడువని ఆ రసీదే చెబుతుంది.

డబ్బు విడుదలకు ముందు ఈ ఐదూ సరిచూసుకోండి

1. షెడ్డుకు నీడ, గాలి, పైన తాటాకు లేదా గడ్డి ఉన్నాయా?
2. కుందేళ్లు వచ్చేది వానలు పడ్డాకేనా?
3. ఆరు నెలల దాణా డబ్బు చేతిలో ఉందా?
4. వాయిదా మొదలయ్యే నెల తెలుసా?
5. కొనేవాళ్లలో ముగ్గురి పేర్లు రాసుకున్నారా?

ఐదింటికీ "ఉంది" అనగలిగితే ధైర్యంగా మొదలుపెట్టండి. ఒక్కదానికి "లేదు" అన్నా అది కుదిరేదాకా ఆగండి. ఆగినంత మాత్రాన యూనిట్ పోతుందేమోనని భయపడి, ఎండాకాలంలో కుందేళ్లను దించుకోవద్దు. మీకు మంజూరైంది యూనిట్ అయినా, తీర్చాల్సిన అప్పు మీ పేరు మీదే ఉంటుంది. ఇంకా సందేహాలుంటే ఈ కాగితంతో మీ మండల పశువైద్యశాలకు రండి. కూర్చుని మాట్లాడుకుందాం.